బొమ్మ కారు రాసిన వీలునామా

ఫ్రాన్స్‌లోని ఆల్సాస్ ప్రాంతంలో మోల్సైమ్ అని ఒక చిన్న ఊరు. రేసు కార్లు తయారుచేసే ఎత్తోరే బుగాటీ ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. చిన్నకొడుకు రోలాండ్ నాలుగో పుట్టినరోజు కోసం 1926లో ఆయనా, పెద్దకొడుకు జాన్ కలిసి ఒక కారు చేశారు. ఆ రోజుల్లో రేసు మీద రేసు గెలుస్తున్న టైప్ 35కి అది సగం కొలతల నకలు. బ్యాటరీతో నడిచేది. ఫ్యాక్టరీకి వచ్చినవాళ్ళు దాన్ని చూసి మా పిల్లలకీ కావాలన్నారు. దాంతో 1927 నుంచి 1936 దాకా సుమారు 500 చేసి అమ్మారు. పేరు ‘బేబీ’.

దీన్ని ముచ్చటైన బొమ్మ అనుకుని వదిలెయ్యలేకపోతున్నాను. ఈ ఫ్యాక్టరీ, ఈ స్టీరింగు, ఈ పేరు రేపు నీవే అని తండ్రి కొడుక్కి చెప్పిన మాట అది. అక్షరాలు రాని పిల్లవాడికి కూడా అర్థమయ్యేట్టు రాసిన వీలునామా.

రోలాండ్‌కి ఇద్దరు అక్కలు, లేబే, లిదియా. అప్పటికే ఇద్దరూ బొమ్మల వయసు దాటినవాళ్ళు, కాబట్టి వాళ్ళకెందుకు చెయ్యలేదని దెబ్బలాడటం న్యాయం కాదు. కానీ తర్వాతి కథ చూడండి. జాన్ 1939లో కారు పరీక్షిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. తండ్రి 1947లో పోయాడు. 1956లో బుగాటీ పేరు మళ్ళీ గ్రాండ్ ప్రి బరిలోకి దిగింది రోలాండ్ కాలంలోనే. మరి పెద్దకూతురు లేబే? ఆమె 1966లో తండ్రి చరిత్రని పుస్తకంగా రాసింది. పేరు నిలబెట్టడం కొడుకు వంతు, జ్ఞాపకం మోయడం కూతురి వంతు. ఈ పంపకం మనకేమీ కొత్త కాదు.

ఆ బొమ్మకి ఈమధ్య మళ్ళీ గిరాకీ వచ్చింది. 2019లో ‘బేబీ 2’ ప్రకటించారు. చేసేవి 500 మాత్రమే, ధర 30,000 యూరోల నుంచి. 2021లో ఫెరారీ తన 1957 నాటి 250 టెస్టా రోసాకి ముప్పాతిక కొలతల నకలు తెచ్చింది. అవి 299. ధర 93,000 యూరోలు, అప్పటి మారకంలో సుమారు 80 లక్షల రూపాయలు. రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. ముప్పాతిక కొలత ఎందుకంటే పెద్దవాళ్ళు కూడా పట్టేట్టు. అంటే కొడుకు పేరు చెప్పి తండ్రి తన బాల్యాన్నే కొనుక్కుంటున్నాడన్నమాట.

మా ఇంట్లోనూ ఒక వీలునామా ఉండేది. నాన్న మద్రాసు నుంచి తమ్ముడికి ఎర్రరంగు రేకు కారు తెచ్చారు, పెడల్ తొక్కేది. నాకు ఏటికొప్పాక లక్కపిడతలు. పొయ్యి, గిన్నెలు, గరిటె, తిరగలి, అన్నీ బుల్లివి. అవీ నకళ్ళే కదా! అమ్మ వంటిల్లు నా అరచేతికి సరిపడా కొలతల్లో. తమ్ముడి కాళ్ళు పెడళ్ళకి అందేవి కావు, అందుకని వెనకనించి నేను తోసేదాన్ని. వీధిలో అందరూ "అబ్బో, కారు నడుపుతున్నాడే!" అనేవాళ్ళు.

వెనకనించి తోసేవాళ్ళు కనబడకపోవడం ఆడపిల్లలకే పరిమితమైన సంగతి కాదు. పెడల్ కార్లు పోగుచేసేవాళ్ళు ఇష్టంగా వెతుక్కునే వాటిలో బ్రిటన్‌లో తయారైన ఆస్టిన్ జె40 ఒకటి. పైకి లేచే బానెట్, వెలిగే లైట్లు, మోగే హారన్. సౌత్ వేల్స్‌లోని బార్గోడ్‌లో 1949 నుంచి 1971 దాకా 32,000కి పైగా చేశారు. చేసినవాళ్ళు ఎవరు? బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి ఇక గనిలోకి దిగలేని కార్మికులు. వాళ్ళకి పని కల్పించడానికే ఆ ఫ్యాక్టరీ పెట్టారు. పెద్ద కార్లకి కత్తిరించగా మిగిలిన రేకు ముక్కలతో పిల్లల కార్లు చేశారు. సింగరేణి ప్రాంతంలో పుట్టిపెరిగిన స్నేహితురాలికి ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ఇవాళ జె40 ముందు నిలబడి రంగు అసలుదా కాదా అని వాదించుకుంటారు. ఆ రంగు వేసినవాడికి మెట్లెక్కితే ఆయాసం వచ్చేదన్న సంగతి ఆ వాదనలోకి రాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. రోలాండ్‌కి సగం కొలతల్లో అందిన ఆ టైప్ 35నే పూర్తి కొలతల్లో ఆడవాళ్ళు నడిపారు. చెక్ దేశానికి చెందిన ఎలిష్కా యుంకోవా 1928లో సిసిలీ కొండదారుల్లో జరిగిన టార్గా ఫ్లోరియో రేసులో టైప్ 35బితో కాసేపు అందరికన్నా ముందుండి, చివరికి అయిదో స్థానంలో నిలిచింది. అదే ఏడాది జర్మనీ రేసులో భర్త చనిపోయాక పోటీలు మానేసింది. నాట్యకత్తెగా పేరు తెచ్చుకున్న ఎలె నీస్ 1929లో పారిస్ దగ్గర మోంట్లేరీ ట్రాక్ మీద టైప్ 35సిని గంటకి 197 కిలోమీటర్లకి పైగా సగటు వేగంతో నడిపింది. చిన్నప్పుడే చేతికి స్టీరింగిచ్చి సాధన చేయించినవాళ్ళు లేకుండానే వీళ్ళు నేరుగా అసలు కారులో కూర్చున్నారు. కాబట్టి బొమ్మ ఇవ్వకపోతే ఆడపిల్లలకి చేతకాదని నేననను. బొమ్మ నేర్పేది నడపడం కాదు, నాది అనుకోవడం. ఆ అనుకోవడమే మనకి ఆలస్యంగా వస్తుంది.

నాన్న పోయిన ఏడాది, హక్కు విడుదల దస్తావేజు పట్టుకుని తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. వాడు చెడ్డవాడు కాదు. "అక్కా, ఇక్కడొక సంతకం" అని కాఫీ అడిగినంత మామూలుగా అడిగాడు. పిత్రార్జితంలో సమాన వాటా మన రాష్ట్రంలో పెళ్ళికాని కూతుళ్ళకి 1980లలోనే వచ్చింది, 2005 నుంచి పెళ్ళయినవాళ్ళకీ దేశమంతటా ఉంది. ఈ సంగతి వాడికీ తెలుసు. అయినా ఇల్లు తనదేనని వాడికి ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు, నాలుగేళ్ళ వయసులోనే చెప్పేశారు. నేను సంతకం పెట్టలేదు. ఏడాదిన్నర పాటు మా మధ్య మాటల్లేవు. ఇప్పుడు ఆ ఇంటి కాగితాల మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, పండక్కి రాకపోకలూ ఉన్నాయి.

పోయిన సంక్రాంతికి తమ్ముడి మనవరాలికి ఏం కొనమంటావని నన్ను అడిగాడు. కారు కొను, లక్కపిడతలు కొను, నీ ఇష్టం, ముందు ఆ పిల్ల పేరు మీద ఏదైనా రాయి అన్నాను. నవ్వాడు గానీ, కాదనలేదు.