కొత్త కారా, పాత కారా?

బంగారం కొంటే పెరుగుతుంది. ఇళ్ళస్థలం కొంటే పెరుగుతుంది. కొన్న మరుక్షణం నుంచీ తరిగిపోయే ఆస్తి మాత్రం మోటారు కారు. షోరూం గేటు దాటి రోడ్డెక్కితే చాలు, కొత్త అల్లుడు కాస్తా పాత అల్లుడైపోతాడు!

మా చిన్నతనంలో ఇలా ఉండేది కాదు సుమండీ. అంబాసిడరో, ఫియట్టో కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వరసలో కాచుకోవాలి. అందుచేత ఎప్పుడొస్తుందో తెలియని కొత్త కారుకంటే, చేతికందే పాత కారే ఎక్కువ ధర పలికేది. మా మేనమామగారు తమ ఫియట్‌ను మూడేళ్ళు వాడుకుని, కొన్నదానికంటే ఎక్కువకే అమ్మి, ఆ ఘనకార్యం జీవితాంతం చెప్పుకున్నారు. ఆ రోజులు పోయాయి. 2014లో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది. 1995లో మెర్సిడెస్ వారు పుణేలో కార్లు తయారు చేయడం మొదలుపెట్టారంటే అది సినిమా నటులకూ, మిల్లు యజమానులకూ సంబంధించిన వార్త అనుకున్నాం. అలాంటి కారు మాట మా భోజనాల బల్ల దగ్గరకే వస్తుందని ఎవరనుకున్నారు?

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి ఒక జర్మనీ సెడాన్ మీద మనసు పడింది. ధర 60 లక్షలు. జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కలిపి రోడ్డు మీదికి వచ్చేసరికి 72. వాడి దగ్గర 20 ఉన్నాయి. బ్యాంకు 9 శాతం వడ్డీకి 40 ఇస్తానంది. అయిదేళ్ళపాటు నెలకు సుమారు 83 వేలు కట్టాలి. మరి మిగిలిన 12?

ఆ పన్నెండు లక్షలు నా పేర డిపాజిట్టులో ఉన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరూ అడగలేదు. నా వైపు చూడకుండా ఉండటానికి అందరూ ఎంతో శ్రద్ధగా ప్రయత్నించారు. నేను రిటైరైననాడు వచ్చిన సొమ్ములో మిగిలింది అదే. మా ఆవిడ మోకాళ్ళ ఆపరేషనూ, మా ఇద్దరి రేపటి రోజులూ అందులోనే ఉన్నాయి.

మా కోడలు లెక్కల మనిషి. "మామయ్యగారూ, అదే మోడలు, రెండేళ్ళ మూడు నెలల కిందట కొన్నది ఒకటి అమ్మకానికి వచ్చింది. తిరిగింది 18 వేల కిలోమీటర్లే. 42 లక్షలు అడుగుతున్నారు" అంది.

"ఎవరో వద్దనుకున్నది మనకెందుకే?" అంది మా ఆవిడ.

"మనం ఉంటున్న ఫ్లాటు కూడా ఎవరో అమ్ముకున్నదే కదమ్మా" అన్నాడు అబ్బాయి.

"ఇల్లు వేరు, వాహనం వేరు" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

నేను కాగితమూ పెన్సిలూ తీసుకున్నాను. ఇన్సూరెన్సు వారు కారు విలువ కట్టడానికి వాడుతూ వచ్చిన పట్టిక ఒకటుంది. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, అయిదేళ్ళ లోపు 50 శాతం చొప్పున తరుగు. 60 లక్షల్లో 30 శాతం పోతే 42. అమ్మే పెద్దమనిషి సరిగ్గా పట్టికలో ఉన్నదే అడుగుతున్నాడన్నమాట. ఈనాటి ధరతో చూస్తే 18 వేల కిలోమీటర్లకు 18 లక్షలు, అంటే కిలోమీటరుకు 100 రూపాయల తరుగు! పెట్రోలు ఖర్చు దీనికి అదనం. ఆయన ముందే కట్టిన జీవితకాలపు పన్ను కూడా, బండి ఈ రాష్ట్రంలోనే చేతులు మారితే, మనకే కలిసి వస్తుంది. అదే పక్క రాష్ట్రంలో చవకగా ఉందని తెచ్చుకుంటే మళ్ళీ ఇక్కడ పన్ను కట్టుకోవాలి.

ఆ 18 లక్షలూ ఇంజను అరుగుదలేనా? కాదు. అందులో కొంత అనుమానానికి కట్టిన ధర. ఈ విషయం మీదనే జార్జి ఏకెర్లాఫ్ అనే అమెరికా అర్థశాస్త్రవేత్త 1970లో ఒక వ్యాసం రాశాడు. 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న వారిలో ఆయన ఒకడు. పాత కారు మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్నిటికీ తక్కువే ఇస్తానంటాడు. దాంతో మంచి బండి ఉన్నవాడు అమ్మడానికి వెనుకాడతాడు. ఇదీ ఆయన వాదం. అలాగైతే, మంచి బండి మీది అనుమానాన్ని ఎవడు తీర్చుకోగలడో లాభం వాడిది.

తీర్చుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాం. అతను మొదట సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూశాడు. వరదలో మునిగిన బండిని పైపైన ఎంత కడిగినా, బెల్టు లోపలి మడతల్లో బురద మరక ఉండిపోతుందట. 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాదులో నీళ్ళలో తేలిన కార్లను చూసినవాళ్ళకు ఆ జాగ్రత్త విలువ చెప్పనక్కరలేదు. తరువాత టైర్ల పక్కన ఉండే నాలుగంకెలు చదివాడు. మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. బండి వయసూ టైర్ల వయసూ కలిశాయి. సర్వీసు పుస్తకంలోని కిలోమీటర్లూ కలిశాయి. ఆయన అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చిన కాగితం, ఇన్సూరెన్సు క్లెయిములు, చలాన్లు అన్నీ కోడలు చూసుకుంది. ఇన్సూరెన్సును పద్నాలుగు రోజుల్లో మన పేర మార్చమని అడగాలి. క్లెయిము లేనందుకు వచ్చే బోనసు మాత్రం పాత యజమానితోనే వెళ్ళిపోతుంది. అది మనిషిది, బండిది కాదు.

అబ్బాయి సంతోషించాడు. "ఇంకేం నాన్నా, 42 లక్షల కారు!" అన్నాడు.

అక్కడే నేను వాణ్ణి ఆపాను. "కాదురా. ఇది 42 లక్షలకు వచ్చిన 60 లక్షల కారు. ధర తగ్గింది కానీ, దాని టైరు ధర తగ్గలేదు. హెడ్‌లైటు పగిలితే కంపెనీవాడు 'పాపం, సెకండ్ హ్యాండ్ వారు' అని చవకగా ఇవ్వడు. వారంటీ ఇంకో తొమ్మిది నెలలే. కొత్తది కొనే తాహతు ఉన్నవాడే ఇలాంటి పాతది కొనాలి. కొత్తదానికి చాలక దీన్ని కొంటే, కొన్న రోజు ఒక్కటే పండగ" అన్నాను.

పదిహేనేళ్ళు ఒక్క కారే ఉంచుకునే వారికి కొత్తదే మేలు కావచ్చు. మొదటి తరుగు అన్నేళ్ళ మీదా సర్దుకుంటుంది. కానీ మా వాడి వరస నాలుగేళ్ళకొక బండి.

పాతదానికి బ్యాంకు వడ్డీ 12 శాతం. అయినా 22 లక్షల అప్పుకు నెలకు సుమారు 49 వేలే. కొత్తదానికంటే 34 వేలు తక్కువ. అందులో సగం, అంటే 17 వేలు, నెలనెలా కారు కోసమే వేరే ఖాతాలో వేయాలని షరతు పెట్టాను. "కారుకు జీతమా!" అని అబ్బాయి నవ్వాడు. కోడలు నవ్వలేదు. ఆ సాయంత్రమే ఖాతా తెరిచింది.

ఆరు నెలలు తిరిగేసరికి నాలుగు టైర్లూ మార్చాల్సి వచ్చింది. లక్ష రూపాయల దాకా అయింది. కారు జీతంలోంచి కారే కట్టుకుంది. ఇంట్లో ఎవరి మొహమూ చిన్నబోలేదు. మా ఆవిడ ఆపరేషనుకు తేదీ ఖాయమైంది. ఆసుపత్రికి ఆ కారులోనే వెళ్దామంటోంది. సీటు మెత్తగా ఉందట.