వేన్నీళ్ళ సీజను

నవంబర్ 6, 2024

దీపావళి వెళ్ళి వారం కాలేదు, ఫోన్లు మొదలయ్యాయి. ఎండాకాలమంతా గీజర్ ఊసెత్తని వాళ్ళు పొద్దున్నే బకెట్లో చెయ్యి పెట్టి ఉలిక్కిపడతారు. అందరిదీ ఒకటే మాట: "అన్నా, గీజర్ ఖరాబైంది." ఖరాబంటే ఏంటో అడిగి రాబట్టాలి. నీళ్ళే వస్తలేవా? సన్నగా వస్తున్నాయా? ధార బాగానే ఉండి వేడి లేదా? మొదటి బకెట్ కాలి, రెండోది చల్లబడుతుందా? లైటు వెలుగుతుందా?

ధార సన్నగిల్లితే కరెంటుతో పనిలేదు, పైపుల్లో ఎక్కడో పూడింది. ధార బాగుండి చన్నీళ్ళే వస్తుంటే కాయిల్, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, అది పనిచేయకపోతే కరెంటు ఆపే కటౌట్, ఈ మూడింట్లో ఏదో ఒకటి. ఇంత చెప్తే ఇంటికి పోకముందే సగం పని అయిపోయినట్టే. కానీ డాక్టరు అడిగితే ఓపిగ్గా చెప్పేవాళ్ళు కూడా మెకానిక్ అడిగితే చిరాకు పడతారు. "నువ్వొచ్చి చూడరాదే!"

నవంబర్ 15

కార్తీక పౌర్ణమి. తెల్లారకముందే మా నాగార్జునసాగర్‌లో కృష్ణ ఒడ్డంతా దీపాలు, స్నానాలు. చన్నీళ్ళలో మునిగి పుణ్యం తెచ్చుకున్నవాళ్ళు లాడ్జికొచ్చి వేన్నీళ్ళ కోసం కొట్లాట. మేనేజరు నుంచి ఫోను: "రూముల్లో కాయిళ్ళు పోయినయ్, అన్నీ మార్చాలె."

ఒక్క కాయిల్ కూడా పోలేదు. రూముకో 15 లీటర్ల గీజర్, రూముకి ఐదుగురు మనుషులు. 20 డిగ్రీల నీళ్ళు 15 లీటర్లు 60 డిగ్రీలకు చేరాలంటే 2 కిలోవాట్ల కాయిల్‌కి 21 నిమిషాలు కావాలి. చన్నీళ్ళు కలుపుకుంటే అది దాదాపు రెండు బకెట్లు. మూడో మనిషి ఆగాల్సిందే. "పోయినేడు వచ్చినయ్ గదా," అన్నాడాయన. పోయినేడు రూముకి ఎంతమందిని ఎక్కించారో నేను అడగలేదు. కొత్తవి పెట్టేటప్పుడు 25 లీటర్లవి పెట్టుకోమని చెప్పి వచ్చాను. కాయిళ్ళు మార్చి ఉంటే ఈ నెలకు సరిపడా సంపాదన. మార్చేవాళ్ళూ ఉన్నారు.

నవంబర్ 24

పెద్దవూర అవతల ఒక పల్లె. బోరు నీళ్ళ ఇల్లు. గీజర్ వేసినప్పుడల్లా లోపల గరగర చప్పుడు, నీళ్ళు కాగడానికి గంట.

కరెంటు తీసి, నీళ్ళు దింపి, కింది ఫ్లాంజ్ నట్లు విప్పాను. లాగితే కాయిల్ రాదు. అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా లాగితే పటపటమని పెళ్ళలు విరిగిపడ్డాయి. రాగి గొట్టం ఎక్కడా కనపడటం లేదు, దాని చుట్టూ వేలు మందాన తెల్లటి సుద్ద. పైపొర బూడిద రంగు, విరిస్తే లోపల పాలరాయిలా తెలుపు. ట్యాంకు అడుగున చెంబెడు రవ్వ. పక్కన మెగ్నీషియం రాడ్ ఉండాల్సిన చోట సన్నటి ఇనుప చువ్వ ఒక్కటే మిగిలింది. ఆ రాడ్ ఉన్నదే అందుకు. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోతుంది. అది అయిపోయాక ట్యాంకు వంతు వస్తుంది. రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, బోరు నీళ్ళకైతే ఇంకా ముందే. దాని పేరు కూడా చాలామంది విని ఉండరు.

ఇంటాయన ఒక పెళ్ళ చేతిలోకి తీసుకుని, "ఫ్లోరైడంటే ఇదేనా?" అన్నాడు. నీళ్ళలో ఫ్లోరైడ్ బాధ ఎరిగిన నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. కాదని చెప్పాను. నిమ్మకాయ తెప్పించి పిండితే పెళ్ళ మీద బుసబుస నురగ వచ్చింది. ఇది సున్నం జాతి, కాల్షియం కార్బొనేట్. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడి తగలగానే విడిపోయి ఇలా పేరుకుంటుంది. ఫ్లోరైడ్ కాస్తే పోదు. నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. తమాషా ఏమిటంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళలో చాలాసార్లు కాల్షియం తక్కువ. గిన్నెకు సుద్ద పట్టలేదు కాబట్టి నీళ్ళు మంచివనుకోవడానికి లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసి దానికి మన జిల్లా పేరే పెట్టారు: నల్లగొండ టెక్నిక్. జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కింది.

నవంబర్ 25

నిన్నటి కాయిల్‌ని నిమ్మఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున బ్రష్షుతో రుద్దితే రాగి మెరిసింది. మీటరు పెడితే 26 ఓములు, 2 కిలోవాట్ల కాయిల్‌కి ఉండాల్సినంత. పారేసే సరుకు కాదు. బాత్‌రూం కడిగే యాసిడ్ ట్యాంకులోనే పోసి పది నిమిషాల్లో పని ముగించే మెకానిక్‌లున్నారు. సుద్దతో పాటు లోపలి పూత కూడా దెబ్బతిని, ఏడాది తిరక్కుండానే ట్యాంకు కారుతుంది. అప్పుడు కొత్త గీజర్ బిగించడానికి మళ్ళీ వాళ్ళే వస్తారు.

డిసెంబర్ 3

హిల్ కాలనీలో ఓ ఇల్లు. సేఫ్టీ వాల్వ్ నుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు కారుతున్నాయని ఎవరో దానికి ఎం-సీల్ పెట్టి గట్టిగా మూసేశారు. చూడగానే స్విచ్ ఆపేశాను. నీళ్ళు కాగితే ఉబ్బుతాయి. వచ్చిన దారిలో వెనక్కి పోకుండా వాల్వ్ అడ్డం ఉంటుంది, ముందు నల్లా కట్టేసి ఉంటుంది. మిగిలిన దారి ఆ బొట్టే. థర్మోస్టాట్ అతుక్కుపోయి, కటౌట్ కూడా పనిచేయని రోజు వస్తే ఆ ట్యాంకు పేలుతుంది. కాగేటప్పుడు నాలుగు బొట్లు పడితే అది రిపేరు కాదు. ఎప్పుడూ ధారగా కారుతుంటే వాల్వ్ మార్చాలి. వాల్వ్‌కి చిన్న పైపు తగిలించి మోరీలోకి వదిలేస్తే గోడ తడవదు.

డిసెంబర్ 10

1955లో ఇదే తేదీన నెహ్రూ ఇక్కడ సాగర్ డ్యాంకు శంకుస్థాపన చేశాడు. అప్పట్లో నందికొండ ప్రాజెక్టు అనేవారు. పొద్దున పైలాన్ కాలనీలోనే పని, పాత ఇల్లు. గీజర్ ముట్టుకుంటే జివ్వుమంటుందట. ప్లగ్గు తీస్తే పిన్నులు నల్లగా మాడి ఉన్నాయి. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని ఫ్యాన్లకు, లైట్లకు వేసిన వైరు మీద పెట్టారు. ఎర్త్ పిన్ను వెనక వైరే లేదు. కాయిల్ గొట్టం చిట్లి కరెంటు నీళ్ళలోకి దిగుతోంది.

డ్యాం కింద ప్రధాన విద్యుత్ కేంద్రం సామర్థ్యం 815 మెగావాట్లు. కూతవేటు దూరంలోని ఇంట్లో ఎర్త్ వైరు లేదు. వేరే లైను, 16 ఆంపియర్ల ప్లగ్గు, కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టుకునే దాకా గీజర్ బిగించనని చెప్పాను. పెద్దాయన అలిగాడు. "పదేండ్ల సంది ఇట్లనే వాడుతున్నం," అన్నాడు. అలిగినా సరే.

డిసెంబర్ 22

రెండు గీజర్లు మార్చినా వేన్నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్న ఇల్లు. గీజర్‌లోకి నీళ్ళొచ్చే యాంగిల్ కాక్ కట్టేసి, వేన్నీళ్ళ నల్లా తిప్పాను. ధార ఆగలేదు! గీజర్‌కి నీళ్ళే పోనప్పుడు ఆ నీళ్ళు ఎక్కడివి? వాల్ మిక్సర్‌లో రెండు వైపులూ తెరిచి, చేతి షవర్ దగ్గర మాత్రం కట్టేశారు. లోపల చన్నీళ్ళు వేడి లైనులోకి దాటి కలిసిపోతున్నాయి. రెండు పిడులూ కట్టేస్తే పొగలు కక్కే నీళ్ళు. ఇంటావిడ నవ్వింది, ఇంటాయన నవ్వలేదు.

జనవరి 5, 2025

ఇంగ్లండ్‌లో రెడింగ్ నుంచి అల్లుడు వీడియో కాల్. "మామా, ఇల్లు వెచ్చగ ఉంది గని నల్లాల వేన్నీళ్ళు వస్తలేవు. కాసేపు వేడి, కాసేపు చల్ల." వాళ్ళది కాంబీ బాయిలర్. ట్యాంకు ఉండదు. గ్యాస్ మంట ఒకటే, అది ఇంట్లో రేడియేటర్లకూ పోతుంది, నల్లా తిప్పితే స్నానం నీళ్ళకూ మళ్ళుతుంది. 24 కిలోవాట్ల బాయిలర్ నీళ్ళను 35 డిగ్రీలు పెంచి నిమిషానికి దాదాపు 10 లీటర్లు ఇస్తుంది. మన 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 20 డిగ్రీలు పెంచినా ఆగకుండా ఇచ్చేది నిమిషానికి రెండు లీటర్లే.

ముందు ప్రెషర్ ముల్లు చూడమన్నాను. ఒకటిన్నర బార్ దగ్గర ఉంది, మంచిదే. రేడియేటర్లు కాలుతున్నాయంటే మంట ఉంది, పంపు తిరుగుతోంది. మిగిలింది నీళ్ళను ఇటు మళ్ళించే డైవర్టర్ వాల్వ్, లేకపోతే పలకల హీట్ ఎక్స్‌ఛేంజర్. వాల్వ్ పూర్తిగా బిగుసుకుంటే అసలు వేడి రాదు. వచ్చి పోతోందంటే పలకల మధ్య పూడి, వేడి నీళ్ళకు అందక, బాయిలరే వేడెక్కి ఆగిపోతూ మళ్ళీ అంటుకుంటోంది. ఆ ఊరి నీళ్ళూ సుద్దరాతి నేలలోంచి వచ్చేవే. "మూత నేనే విప్పనా?" అన్నాడు. వద్దన్నాను. అక్కడ గ్యాస్ బాయిలర్ మీద చెయ్యి వెయ్యాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరుండాలి, అది చట్టం. మనకూ అలాంటిదొకటి ఉంటే బాగుండు.

జనవరి 13

భోగి. ఇంట్లో కాగు కిందే మంట. కాగు లోపల నీటిమట్టం దగ్గర తెల్లటి గీత, అమ్మ చింతపండుతో తోమితే పోయింది.

జనవరి 19

కిటికీ లేని బాత్‌రూంలో గ్యాస్ గీజర్ బిగించమని ఒకాయన పట్టుబట్టాడు. కరెంటు బిల్లు తగ్గుతుందని లెక్క. మూసిన గదిలో ఆ మంట గాలిని తినేస్తుంది, గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. స్నానం చేస్తున్న మనిషి అరవకుండానే పడిపోతాడు. మన దేశంలో ప్రతి చలికాలం ఇలాంటి చావుల వార్తలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. బిగించలేదు.

గ్యాస్ గీజర్ ఇప్పటికే బాత్‌రూం లోపల ఉన్నవాళ్ళు దాన్ని బయటి గోడకు మార్పించండి. మార్పించే దాకా వాడకండి. కరెంటు గీజర్ ఉన్నవాళ్ళు ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి. నొక్కగానే స్విచ్ పడిపోవాలి. పడకపోతే ఆ రోజు చన్నీళ్ళ స్నానమే చేసి, కరెంటు పని తెలిసిన మనిషిని పిలవండి.