బరువు ఏ ముక్క మీద?

మేము ఎరుకలవాళ్లం. జగ్గయ్యపేట, నందిగామ మధ్య ఊళ్లలో మా పెద్దలు తట్టలు, గంపలు అల్లి, సంతల్లో అమ్మి మమ్మల్ని చదివించారు. టీటీసీ చేసి బడిపంతుళ్లమయ్యాం. సాయంత్రాలు కాలనీలో పెద్దపిల్లలకు ఇంగ్లీషు చెబుతాం. పొడుగు మాట వస్తే పిల్లలు బెదిరిపోతారు. అందుకే వెదురు చీల్చినట్టు మాటను చీల్చి చూపిస్తాం.

ఒకరోజు పదో తరగతి పిల్ల పేపర్లో చూసిన మాట పట్టుకొచ్చింది. 'డీనోటిఫికేషన్'. బోర్డు మీద విడదీశాం. డీ, నో, టి, ఫి, కే, షన్. ఆరు ముక్కలు. మనం తెలుగులో అన్ని ముక్కల్నీ ఇంచుమించు సమంగా పలుకుతాం. ఇంగ్లీషులో అలా కుదరదు. 'నోటిఫై' అంటే బరువు 'నో' మీద. చివర 'షన్' చేరిందా, బరువు జరిగి దాని ముందు ముక్క 'కే' మీద పడుతుంది. ఎడ్యుకేషన్, అప్లికేషన్ కూడా అంతే.

ఇక పుట్టుక. లాటిన్‌లో 'నోటుస్' అంటే తెలిసినది. దాన్నుంచి నోటిఫై. నోటిఫై అంటే తెలియజేయడం. నోటిఫికేషన్ అంటే ప్రకటన. ముందు 'డీ' తగిలిస్తే ఆ ప్రకటన తీసేయడం.

"ఏ ప్రకటన మాస్టారూ?" అన్నారు పిల్లలు.

చెప్పక తప్పలేదు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మా కులాన్ని పుట్టుకతోనే నేరస్థులని రాశారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు, స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఐదేళ్లు ఆగి, 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఆ రద్దు పేరే ఈ ఆరు ముక్కల మాట.

వెనక కూర్చున్న పిల్లాడు లేచాడు. "గుర్తు తీసేస్తే, మొన్న ఊళ్లో మోటారు పోయినప్పుడు ముందు మా ఇంటికే ఎందుకొచ్చారు మాస్టారూ?"

మాకు వెంటనే నోరు పెగల్లేదు. ఆ మోటారు ఎవరు తీశారో తర్వాత తేలింది, వాళ్లు మావాళ్లు కారు. అయినా ఆ ఇంటికి వచ్చి ఎవరూ తప్పయిందని అనలేదు. కాగితం మీద గుర్తు పోయింది గాని జనం నోట్లో పోలేదు.

చివరికి ఇలా చెప్పాం: "బళ్లో అడిగితే బరువు 'కే' మీద పెట్టి పలకండి. ఊళ్లో ఎవరన్నా పాతపేరు ఎత్తితే మాత్రం 'డీ' మీద పెట్టి చెప్పండి. తీసేశారు అని గుర్తుచేయండి."

పిల్లలంతా ఆరు ముక్కలూ ఒక్కసారిగా పలికారు. ఆ పిల్లాడు 'డీ' దగ్గర ఆగి, గట్టిగా ఇంకోసారి అన్నాడు. మేం దిద్దలేదు.