కళ్లంలో పసుపు.. ఆకాశంలో ఉరుము!

ఫిబ్రవరి వచ్చిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లన్నీ పసుపు వాసనే. తవ్విన పంటను ఉడికించి కళ్లాల్లో ఆరబోస్తారు. అప్పట్నుంచీ రైతు చూపంతా పైనే. సిద్ధుల గుట్ట వెనక మెరుపు మెరిస్తే చాలు, అర్ధరాత్రయినా ఇంటిల్లిపాదీ టార్పాలిన్లు పట్టుకుని పరుగు తీయాల్సిందే. తడిస్తే రంగు పోతుంది, రంగుతోపాటే ధరా!

వేసవిలో ఈ గాలివానలను తెచ్చేవి క్యుములోనింబస్ మబ్బులు. కాగిన నేల మీంచి లేచిన వేడిగాలి సాయంత్రానికల్లా కొండంత మబ్బవుతుంది. దాని లోపల ఒకచోట గాలి పైకి తన్నుతుంటే పక్కనే కిందికి విరుచుకుపడుతుంటుంది. ఆర్మూర్ మీదుగా వెళ్లే పెద్ద విమానాలు రాడార్‌లో దాన్ని చూసి పక్కకు తప్పుకుంటాయి. నాలుగు సీట్ల బుల్లి విమానాలకు చాలావరకూ ఆ రాడార్ ఉండదు, మబ్బును దాటి పైకెగిరే శక్తీ ఉండదు. రాత్రిపూటయితే మెరిసినప్పుడు తప్ప మబ్బెక్కడుందో తెలీదు. ఆ మెరుపుకేమో కళ్లు బైర్లు కమ్ముతాయి.

అసలు మోసం చెవిలో ఉంది. ఒంటిని నిలకడగా ఉంచేది లోపలి చెవే. నేలా నింగీ కనపడనప్పుడు అది తప్పుడు కబురు చెబుతుంది. విమానం ఒరిగి తిరుగుతున్నా తిన్నగా వెళ్తున్నట్టే ఉంటుంది. పరికరాలు చూసి నడపడం రాని 20 మందిని 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరీక్షించింది. బయట ఏమీ కనపడకుండా చేస్తే అందరూ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో.. అంటే మూడు నిమిషాల్లోపే! 1999 జులైలో జాన్ ఎఫ్ కెనడీ జూనియర్ నడిపిన చిన్న విమానం రాత్రివేళ సముద్రంలో కూలడానికి కారణం ఈ భ్రమేనని దర్యాప్తులో తేలింది.

అనుభవం ఉంటే గండం గడిచినట్టేనా? 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు బయల్దేరింది. నడిపినవాళ్లు అనుభవజ్ఞులు. ఇంజిన్లు రెండు. పైగా పట్టపగలు. నల్లమల మీద మబ్బుల్లో కిందికి లాగే గాలికి చిక్కి పావురాలగుట్ట మీద కూలింది. అయిదుగురూ చనిపోయారు. ఆ కీలక సమయంలో పైలట్లు గేర్‌బాక్స్ ఆయిల్ హెచ్చరిక గురించి చెక్‌లిస్టు వెతుకుతున్నారని విచారణ నివేదిక చెప్పింది.

ఆర్మూర్‌కు దగ్గర్లోని జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం అన్నమాట ఏళ్లుగా వినపడుతోంది. సర్వేలూ జరిగాయి. అది వచ్చిన రోజున ఇక్కడి వేసవి సాయంత్రాల లెక్క పైలట్లకూ కావాలి. కళ్లం కాసేవాళ్లకు మాత్రం ఆ లెక్క కంఠతా వచ్చు. పిడుగుల హెచ్చరిక ఇప్పుడు సెల్‌ఫోన్‌కే వస్తున్నా, గుట్టవైపు ఓసారి చూడందే ఎవరూ నడుం వాల్చరు.