అది బాబేలు కాదు



ఈ వారం ఒక ప్రయాణం గురించి, ఆ ప్రయాణంలో నేను ఒప్పుకున్న తప్పు గురించి రాస్తున్నాను.

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుని దగ్గరిదాకా వెళ్లి కూలిపోయింది. మరునాడు ఆదివారం. నేను ఆదికాండము 11వ అధ్యాయం తీసి, ఆకాశాన్ని అంటాలని చూసిన మనిషిని దేవుడు ఇలాగే దించుతాడని ప్రసంగించాను. చాలామంది ఆమేన్ అన్నారు. వెనక చాప మీద తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత వాడు ఆరాధనకు రావడం మెల్లగా తగ్గించాడు. కొన్నాళ్లకు క్రిస్మస్‌కు మాత్రమే కనిపించేవాడు. ఎందుకని నేను అడగలేదు. వయసు ప్రభావం అనుకున్నాను.

2023 జూలైలో వాళ్లమ్మ మందిరానికి వచ్చింది. "అయ్యగారూ, వాడు రాకెట్ చూడాలని శ్రీహరికోట పోతానంటున్నాడు. ఒక్కణ్ణే పంపాలంటే భయం. మీరు తోడు పోతారా?" అంది. ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్ సీటు కోసం ఎదురుచూస్తున్నాడట. సరేనని మరో ఐదుగురు యౌవనస్థులను కలుపుకుని, గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేయించాను.

జూలై 13 రాత్రి మార్కాపురంలో వ్యాన్ ఎక్కాం. పొదిలి, చీమకుర్తి దాటి ఒంగోలులో హైవే పట్టి, నెల్లూరు, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరేసరికి తెల్లారింది. దారిలో అందరూ నిద్రపోయారు. వాడొక్కడే మేలుకుని ఉన్నాడు. నేనూ మేలుకునే ఉన్నాను.

"అయ్యగారూ, మన దేశంలో మొదటి రాకెట్ ఆఫీసు ఒక చర్చిలో పెట్టారు, మీకు తెలుసా?" అన్నాడు. నాకు తెలియదు. వాడే చెప్పాడు. తిరువనంతపురం దగ్గర తుంబా అనే జాలర్ల ఊరు. రాకెట్ కేంద్రానికి ఆ స్థలం కావలసి వచ్చి విక్రమ్ సారాభాయ్ గారు బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా గారిని అడిగారు. బిషప్ గారు సంఘంతో మాట్లాడి, వాళ్ల ఒప్పుదలతో మగ్దలేనే మరియ పేరున్న ఆ చర్చిని ఇచ్చారు. 1963 నవంబరు 21న తుంబా నుంచే మొదటి రాకెట్ ఎగిరింది. అది విన్నాక నాకు మాట రాలేదు. ఒక సంఘం తన మందిరాన్నే ఇచ్చింది. నేను ఒక మంచి మాట కూడా ఇవ్వలేదు.

పులికాట్ సరస్సు మధ్యగా ఉన్న రోడ్డు మీద శ్రీహరికోట వెళ్లాం. ఎండ, ఉక్కపోత, విపరీతమైన జనం. 43.5 మీటర్ల ఎత్తు, 640 టన్నుల బరువున్న రాకెట్ అని మావాడు వివరిస్తున్నాడు. "రెండు పక్కల ఉన్నవి ఘన ఇంధనం బూస్టర్లు అయ్యగారూ. ఒక్కోదాంట్లో దాదాపు 200 టన్నులు. ఒకసారి అంటుకుంటే ఇక ఆపలేం." యాకోబు పత్రిక మూడో అధ్యాయం గుర్తొచ్చింది. చిన్న నిప్పు, పెద్ద అడవి. పుల్పిట్ మీద నేనన్న మాట కూడా అలాంటిదే.

మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు ముందు వెలుగు కనిపించింది. శబ్దం లేదు. రాకెట్ లేచిపోతోంది, అయినా నిశ్శబ్దమే. కొన్ని క్షణాల తర్వాత ఉరుములాంటి శబ్దం వచ్చి గుండె అదిరింది. జనం కేకలు వేస్తున్నారు. మావాడు మాత్రం రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో టీ కొట్టు దగ్గర వాణ్ణి పక్కకు పిలిచాను. "నాయనా, నాలుగేళ్ల కింద నేను తప్పు చెప్పాను. నన్ను క్షమించు" అన్నాను.

వాడు చాలాసేపు గ్లాసు వైపే చూశాడు. "నాకు కోపం రాలేదు అయ్యగారూ. నేను చదవాలనుకున్నది పాపమేమోనని భయమేసింది. మందిరానికి వస్తే ఆ భయం ఎక్కువయ్యేది" అన్నాడు.

ప్రియులారా, మన పడమటి ప్రకాశంలో ఎన్ని బోర్లు వేశాం! ఎన్ని ఎండిపోయాయి! బోరు పడకపోతే ఆ రైతును గర్విష్ఠి అన్నామా? మరో చోట పాయింటు పెట్టించాడు, నేనే వెళ్లి ప్రార్థన చేశాను. రాకెట్ చేసినవాళ్లూ అదే పని చేశారు. ఎక్కడెక్కడ తప్పు జరగవచ్చో ముందే లెక్కవేసి, కాళ్లు గట్టిచేసి, ఇంధనం పెంచి, దిగే చోటును విశాలం చేసి మళ్లీ పంపారు. బాబేలు వాళ్లు తమకు పేరు రావాలని కట్టారు. అయితే గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువే లూకా 14లో చెప్పాడు. గోపురాలన్నీ బాబేలు కావు. చంద్రుణ్ణి, నక్షత్రాలను చూసి ఆశ్చర్యపోయిన దావీదును దేవుడు గద్దించలేదు. ఎనిమిదవ కీర్తనగా ఆ ఆశ్చర్యాన్ని మనకు దాచిపెట్టాడు.

2023 ఆగస్టు 23 బుధవారం కూటానికి ముందు మందిరం వరండాలో టీవీ పెట్టాం. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు ల్యాండర్ చంద్రుని మీద దిగింది. ఆ తర్వాత సంఘమంతటి ముందు నా పాత ప్రసంగాన్ని వెనక్కి తీసుకున్నాను. వాడు ఈసారి ముందు చాప మీద కూర్చున్నాడు.

తల్లిదండ్రులారా, కాపరులారా, మీ మాటకు భయపడి దూరమైన బిడ్డ ఎవరైనా ఉంటే, ఈ వారమే వెళ్లి అడగండి. నాలాగా నాలుగేళ్లు ఆగకండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.