మింగి ఉమ్మేసే కారు

వదినగారూ, ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. పొద్దున్నుంచీ మీ కార్లోంచి టిక్కుమని ఒక చప్పుడు, కాసేపాగి కిర్రుమని ఇంకో చప్పుడు, ఆ వెంటనే అన్నయ్యగారి విసుగు. నాలుగు రెబ్బలు కరివేపాకు కోసుకుందామని గోడ దగ్గరికొచ్చి అలా నిలబడిపోయాను. ఆరుసార్లు మింగింది, ఆరుసార్లూ ఉమ్మేసింది. సీడీలేనా? అనుకున్నా. ఏంటీ, పాటలెక్కించుకోవడానికి యాభై ఖాళీ సీడీల డబ్బా కొనేశారా! ఒక్కటి కొని చూడాల్సిందండీ. పట్టుచీరైనా మడత విప్పి చూడకుండా కొనం కదా.

స్టీరియో పాడైపోయింది, తీసేసి తెర ఉన్నది పెట్టించమంటున్నాడా మీవాడు? బెంగుళూర్లో కూచుని అలాగే చెప్తాడు. ఉండండి. ముందు ఇంట్లో కంపెనీ సీడీ ఏదన్నా ఉందేమో చూడండి, అచ్చేసి అట్టపెట్టెలో అమ్మింది. మీ పెళ్లిరోజుకి కొన్న అన్నమయ్య కీర్తనలది ఉండాలిగా? అది పెట్టి చూడమనండి.

పాడిందా? చక్కగా పాడిందా? చూశారా మరి! స్టీరియోకి కళ్లు బాగానే ఉన్నాయి. అది కూడా పాడకపోతే లోపలి లెన్సు మీద దుమ్ము చేరిందనో, లేజరు నీరసించిందనో అనుకోవాలి. ఇది మీరు తెచ్చిన సీడీ మీద అలక, అంతే.

నాకెలా తెలుసంటారా? బందరు కోనేరు సెంటరు పక్కన మా ఆయనకి పాటల కొట్టు ఉండేదిగా. జనం కాయితం మీద పాటల పేర్లు రాసుకొచ్చి ఇచ్చేవాళ్లు, సాయంత్రానికి క్యాసెట్టు చేతిలో పెట్టేవాళ్లం. తర్వాత సీడీలొచ్చాయి. మధ్యాహ్నం భోజనానికి ఆయన ఇంటికెళ్తే కొట్లో నేనే కూచునేదాన్ని. "అమ్మా, మీరు కొట్టిచ్చిన సీడీ ఇంట్లో పాడుతోంది, కార్లో పాడట్లేదు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు.

ఆ సీడీ ఒకటి ఇలా అందివ్వండి. అంచులు పట్టుకోండి, వేళ్లు అడుగున తగలకుండా. ఆ... చూడండి, ఎంత పాలిపోయి ఉందో. కంపెనీ సీడీలో పాట చిన్న చిన్న గుంటలుగా ప్లాస్టిక్కులోనే అచ్చుపడి ఉంటుంది, దాని మీద అల్యూమినియం పూత. లేజరు వెలుతురు ఆ పూత మీద పడి తిరిగొస్తుంటే, దాన్ని చూసుకుని స్టీరియో పాడుతుంది. పడిన వెలుతురులో నూటికి 70 పాళ్లన్నా వెనక్కి రావాలని సీడీ కనిపెట్టినవాళ్లు పెట్టిన లెక్క. మనం కొట్టించుకునే దాంట్లో గుంటలెక్కడివి? ఒక రంగు పూత ఉంటుంది. రాసేటప్పుడు లేజరు ఆ రంగుని అక్కడక్కడా మాడుస్తుంది, పెనం మీద అట్టుకి మచ్చలు పడ్డట్టు. మచ్చకీ మచ్చ కానిదానికీ తేడా కొట్టొచ్చినట్టు కనపడితే ఎంత ముసలి స్టీరియో అయినా చదువుకుంటుంది. లేకపోతే ఇదిగో, ఉమ్మేస్తుంది.

మీ మనవడిచ్చిన చెరిపి మళ్లీ రాసుకునే సీడీ సంగతా? అది అసలు పెట్టకండి. పడిన వెలుతురులో నూటికి 15 నుంచి 25 పాళ్లే తిరిగొస్తుంది దాన్నుంచి. పాతకాలం కారు స్టీరియోకి అది నల్లటి పళ్లెంతో సమానం. డీవీడీ అంతకంటే దండగ. ఖాళీది దొరికింది కదా అని కొందరు తెచ్చేవాళ్లు, దాన్ని చదివే లేజరే వేరు.

ఆ రంగుల్లోనూ రకాలున్నాయండీ. కాస్త నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటే సయనైన్, ఇలా లేత బంగారు ఛాయలో ఉంటే థాలోసయనైన్, ముదురు నీలంగా, సిరా ఒలికినట్టుంటే ఏజో. మధ్యదాని పేరు పలకడానికి మా ఆయనకి ఆర్నెల్లు పట్టింది. లేతరంగుది చెడ్డదని కాదు, ఇళ్లల్లో ఏళ్ల తరబడి పాడాయి అవి. కానీ మొండి కార్లకి మా కొట్లో ముదురు నీలమే తీసేవాళ్లం. ఒక డాక్టరుగారి కారు మరీ ఘోరం. అయిదు రకాల సీడీలు ఒక్కొక్కటి చొప్పున అవే పాటలు కొట్టి ఇచ్చాం, వెనక మార్కరుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలేసి. నాలుగోది పట్టింది. ఇక ఆయన బతికున్నన్నాళ్లూ ఆ రకం ఒక డబ్బా ఆయన పేరున పక్కన పెట్టేవాళ్లం. పెళ్లిచూపుల్లాంటిదేనండీ, మనం చెప్తే అయ్యేది కాదు, ఆ ఇద్దరికీ కుదరాలి.

కంపెనీ పేరు చూసి కొంటే చాలదా అంటారా? అప్పట్లో కొంత చెల్లేది. ఖాళీ సీడీని 1988లో మొదట తయారుచేసింది తైయో యూడెన్ అని జపాను కంపెనీ. వాళ్లది దొరికితే మా ఆయన పండగ చేసుకునేవారు. వాళ్లు 2015తో మానేశారు. మనవాళ్లదీ ఒకటుండేది, నోయిడా పక్కన మోజర్‌బేర్. గుర్తుందా, తెలుగు సినిమా వీసీడీలు 28 రూపాయలకే అమ్మి మాలాంటి కొట్లవాళ్ల పొట్ట కొట్టారు! అదీ 2018లో మూతపడింది. నీలం సీడీలకి పేరుపడ్డ వెర్‌బాటిమ్‌ని మిత్సుబిషీ వాళ్లు 2019లో తైవాను కంపెనీకి అమ్మేశారు. ఇప్పుడు పైన అట్ట మీద ఏ పేరున్నా లోపల సరుకు ఉన్న రెండు మూడు ఫ్యాక్టరీలదే. పోయినసారి కొన్న పేరే ఈసారీ కొన్నా లోపల రంగు మారిపోయి ఉండొచ్చు. అందుకే ఒక్కటి కొని చూడమనడం. ఈసారి హైదరాబాదు వెళ్తే సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అడగమనండి, విడిగా ఒకటీ రెండూ ఇస్తారేమో.

అట్ట మీద 700 ఎంబీ, 80 నిమిషాలు అని ఉన్నది చాలు. 90 నిమిషాలది, 99ది అని ఆశపడకూడదు. పాట గీతలు ఇరుకిరుగ్గా కుక్కి పట్టిస్తారు వాటిలో, ముసలి లెన్సుకి దారి తప్పుతుంది. క్యాసెట్ల రోజుల్లోనూ ఇంతేగా? 120 నిమిషాల క్యాసెట్టు టేపు ఉల్లిపొరలా ఉండేది, కారు డెక్కు నమిలి మింగేది. పెన్సిలు దూర్చి తిప్పుకుంటూ కూచునేవాళ్లం.

అవునూ, రాసేటప్పుడు ఎంత వేగం పెట్టారు? యాభై రెండా! అదీ సంగతి. డబ్బా మీద 52 అని ఉంటే అంతవరకూ ఓర్చుకుంటుందని, అంత వేగం పెట్టమని కాదు. పదహారు పెట్టమనండి. అయిదు నిమిషాలవుతుంది, మా ఆయన ఆ అయిదు నిమిషాల్లో సెంటర్లో టీ తాగొచ్చేవారు. అలాగని మరీ ఒకటికీ రెండుకీ దించినా పని చెడుతుంది, ఇప్పటి రంగులు అంత నిదానానికి చేసినవి కావు. ఇంకోటి, చివర్లో సీడీ మూసెయ్యాలా, తర్వాత ఇంకా పాటలు చేర్చుకుంటారా అని అడుగుతుంది. అన్నయ్యగారు చేర్చుకుంటాననే నొక్కి ఉంటారు, ఆయన సంగతి నాకు తెలీదూ! మూసెయ్యమనండి. మూత పెట్టని సీడీని కారు సీడీగానే గుర్తించదు.

నూటయాభై పాటలు కావాలా? అయితే స్టీరియో మొహం మీద ఎంపీత్రీ అని రాసుందేమో చూడండి. ఉంటే సరే, కానీ పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోవాలి, సంచిలో సంచి దోపినట్టు ఫోల్డర్లో ఫోల్డరు పెట్టకూడదు. లేదా? మరింకేం, ఆడియో సీడీయే గతి, 80 నిమిషాలే పడతాయి. ఘంటసాల పాటలేగా? అప్పటి గ్రామఫోను రికార్డుకి ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది, పాటా అంతే ఉండేది. ఇరవై పైనే వస్తాయి లెండి. బందరు వెళ్లి రావడానికి చాలవూ?

పైన కాయితం స్టిక్కరు మాత్రం అంటించొద్దు. ఒక టాక్సీ అబ్బాయి తిరపతి ట్రిప్పులు వేసేవాడు. భక్తితో సీడీ మీద స్వామివారి బొమ్మ అంటించాడు. మే నెల ఎండ, నెల్లూరు దాటారో లేదో జిగురు కరిగి అంచు లేచి లోపల ఇరుక్కుంది. స్వామి బయటికి రానంటే రానన్నాడు. డాష్‌బోర్డు మొత్తం విప్పాల్సొచ్చింది మెకానిక్కు. పేరు రాసుకోవాలంటే సీడీల మార్కరుతో మెత్తగా రాయాలి, బాల్ పెన్నుతో గట్టిగా కాదు. అందరూ అడుగున గీత పడుతుందేమోనని బెంగపెట్టుకుంటారు. అసలు పూత ఉండేది పైవైపు, పేరు రాసే వైపే, సన్నటి లక్క పొర కిందే. అక్కడ చీరుకుంటే ఇక అంతే. డాష్‌బోర్డు మీద ఎండలో కూడా వదలొద్దు, రంగు వెలిసిపోతుంది.

సరే, ఇప్పుడు ఆ డబ్బాలోంచే ఇంకొక్కటి తీసి, పదహారు పెట్టి, మూసేసి చూడమనండి. పాడితే మీ అదృష్టం. పాడకపోతే మా ఇంట్లో అటక మీద పాత నీలంవి ఓ అరడజను ఉండాలి, వెతికిస్తా.

అప్పుడు మీవి నాకివ్వండి వదినగారూ, పారేయకండి. ఈ జామచెట్టుకి దారం కట్టి వేలాడదీస్తా. చిలకలు ఒక్క కాయ మిగలనివ్వట్లేదు... అయ్యయ్యో, కుక్కరు ఎన్ని కూతలేసిందో చెప్పరేంటండీ!