హయత్‌నగర్ మజిలీ

మచిలీపట్నం రేవు నుండి గోల్కొండకు సాగిన పాత బాటలో హయత్‌నగర్ ఒక మజిలీ. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా మాతృమూర్తి అయిన హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు ఇది. 17వ శతాబ్దంలో ఇక్కడ నిర్మించిన మస్జిదు నేటికీ నిలిచి ఉంది. ఐదు కమానుల ముఖభాగం, రెండు మినార్లు, చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు, సమీపంలో హాథీ బావి. అలసిన మనిషికి నీడ, పశువుకు నీరు, నమాజుకు చోటు ఒక్క దగ్గరే సమకూర్చిన ఆ కాలపు వారి ఆలోచన ఎంత ఉదాత్తమైనదో ఆ ప్రాంగణంలో నిలబడినప్పుడు అర్థమవుతుంది.

ఆ దిక్కుగా సాగేదే నేటి 65వ నంబరు జాతీయ రహదారి. ఎడ్లబండ్లు పోయి లారీలు వచ్చాయి. ఎల్బీనగర్ నుండి హయత్‌నగర్‌కు వచ్చే దారిలోని ఆటోనగర్ షెడ్లే ఇప్పుడు ఆ బండ్లకు సరాయి. గత ఏడాది ఒకరోజు మేము అక్కడ గడపవలసి వచ్చింది. ఆ పూట నేర్చుకున్నది పాఠకులతో పంచుకోవాలనిపించింది.

మా మద్రసాలో చదివే ఒక పిల్లవాడి తండ్రి లారీ డ్రైవరు. లారీ ఆయన సొంతమే. ఆయన వెంట సూర్యాపేట నుండి నగరానికి బయలుదేరాము. ఆ పిల్లవాడు కొన్ని నెలలుగా పాఠం అప్పజెప్పలేకపోతున్నాడు. వాడికి హిఫ్జ్ అబ్బదని, ఇంటికి తీసుకువెళ్లమని దారిలో ఆయనకు చెప్పాలన్నది మా ఉద్దేశం.

చౌటుప్పల్ దాటిన తరువాత ఎత్తు రాగానే లారీ బలం కోల్పోయి ఆగిపోయింది. డ్రైవరు దిగి, ఫీడ్ పంపు మీది చేతి పంపును పదేపదే నొక్కి, మళ్లీ కదిలించాడు. అబ్దుల్లాపూర్‌మెట్ చేరేలోగా మూడుసార్లు ఇదే తంతు. డీజిల్ పంపు పూర్తిగా పోయిందని, మార్చక తప్పదని అంతకు ముందే ఎవరో మెకానిక్ ఆయనకు చెప్పాడట.

"మౌల్వీ సాబ్, వడ్డీ పాపమని నాకు తెలుసు. కానీ బండి ఆగితే ఇల్లు ఆగుతుంది. పంపు కోసం అప్పు అడిగి పెట్టుకున్నాను. ఏం చేయమంటారు?" అన్నాడు.

కితాబుల్లోని జవాబు మాకు కంఠస్థమే. ఆయన ముఖం చూశాక ఆ జవాబు మా గొంతు దాటి రాలేదు. ముందు ఆటోనగర్‌లో ఒకసారి చూపిద్దామని మాత్రం అన్నాము.

షెడ్డులోని పెద్ద మెకానిక్‌కు అరవై దాటి ఉంటాయి. కుర్రాళ్లు ఆయనను "ఉస్తాద్" అని పిలుస్తున్నారు. మద్రసాలో పిల్లలు మమ్మల్నీ అలాగే పిలుస్తారు. ఆయన వెంటనే పానా పట్టలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. ఎప్పటి నుండి ఇలా ఉంది? అంతకు ముందు ఏ పని చేయించారు? ఉదయం స్టార్టు కావడం కష్టమా? బలం తగ్గినప్పుడు పొగ ఏ రంగులో ఉంది?

ఫిల్టరు మార్పించిన మరునాటి నుండే ఈ బాధ అని డ్రైవరు గుర్తు చేసుకున్నాడు. రాత్రంతా నిలిపిన బండి ఉదయం ఎంతో సేపటికి గానీ అందుకోదని, పొగ పెద్దగా ఉండదని చెప్పాడు.

ఉస్తాద్ మాకు విడమరచి చెప్పాడు. నల్లని పొగ వస్తే డీజిల్ ఎక్కువైందనో, గాలి చాలలేదనో అర్థం. తెల్లని పొగ సాధారణంగా కాలని డీజిల్‌ది. నీలి పొగ ఇంజను ఆయిల్‌ది. సెల్ఫ్ కొట్టినా పొగే లేదంటే సిలిండర్లకు డీజిలే చేరడం లేదన్న మాట. "చేరనప్పుడు చివరన ఉన్న పంపును తప్పు పట్టకూడదు మౌలానా, ట్యాంకు నుండి నడుచుకుంటూ రావాలి" అన్నాడు.

అలాగే వచ్చాడు. ట్యాంకు అడుగు నుండి కాస్త డీజిల్ గాజు సీసాలోకి తీసి, నీరు ఉందేమో చూశాడు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ నీరై అడుగున చేరుతుంది కనుక, వీలైతే సాయంత్రమే ట్యాంకు నింపి ఉంచమని డ్రైవరుకు హితవు చెప్పాడు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోలేదని చూసుకున్నాడు. తరువాత ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు నొక్కించాడు. డీజిల్‌తో పాటు నురగ వచ్చింది. ఎంతసేపు నొక్కినా బుడగలు ఆగలేదు.

అప్పుడు ఒక శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి ఎత్తున పెట్టి, కొత్త గొట్టంతో నేరుగా ఫీడ్ పంపుకు కలిపాడు. లోపలి గాలి తీసేసి స్టార్టు చేయగానే ఇంజను నిలకడగా తిరిగింది. ఎంత రేజ్ చేసినా తడబడలేదు. అంటే ఫీడ్ పంపు, డీజిల్ పంపు, నోజిళ్లు అన్నీ నిర్దోషులే! దోషం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉంది. వెతికితే దొరికింది. ఫిల్టరు మార్చినప్పుడు అటూ ఇటూ లాగిన రబ్బరు గొట్టం, క్లిప్పు కింద సన్నగా చిట్లి ఉంది.

"మరి డీజిల్ కారలేదేం?" అని అడిగాము.

"అటువైపు పంపు పీలుస్తుంది కదా మౌలానా. బండి నడుస్తున్నప్పుడు అక్కడి నుండి డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద చుక్క కనబడదు. అందుకే అందరూ పంపును అనుమానిస్తారు."

గొట్టం ముక్క, రెండు క్లిప్పులు, కొన్ని వాషర్లు. పని జుహ్ర్ తరువాత మొదలై అస్ర్‌కు ముందే ముగిసింది. పైపులు విప్పే ముందు ప్రతి జాయింటునూ కుర్రాళ్ల చేత కడిగించి, విప్పిన చివరలకు మూతలు పెట్టించాడు. డీజిల్ పంపు లోపలి భాగాల మధ్య ఎడం మైక్రాన్లలో ఉంటుందని, కంటికి ఆనని ఇసుక రేణువు కూడా దానిని గీసివేస్తుందని చెప్పాడు. వుజూ నేర్పేటప్పుడు మేము పిల్లలకు చెప్పే శ్రద్ధ ఆ చేతులలో కనిపించింది.

పక్కనే బీఎస్-6 లారీ ఒకటి నిలిచి ఉంది. 2020 ఏప్రిల్ నుండి అమ్మకానికి వచ్చినవన్నీ ఆ ప్రమాణంవే. వాటి కామన్ రైల్ పైపులలో పీడనం 1600 బార్లు కూడా దాటుతుంది. పాత బండ్లలో వలె ఇంజను నడుస్తుండగా ఆ పైపులు వదులు చేస్తే, సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరి చేతినే పోగొట్టగలదు. అక్కడ ముందు కంప్యూటరు పెట్టి రైలు పీడనం చదవాలి. "అదీ పీడనం తక్కువని చెబుతుందే గాని, ఎందుకు తక్కువో చెప్పదు. ఫిల్టరు మూసుకుపోయినా అదే మాట చెబుతుంది. మళ్లీ మనమే ట్యాంకు దగ్గర నుండి నడవాలి" అని నవ్వాడు.

డ్రైవరు అక్కడే నిలబడి ఫోను తీసి, అప్పు అక్కరలేదని ఎవరికో చెప్పాడు. అల్‌హమ్దులిల్లాహ్! మేము చెప్పలేకపోయిన జవాబును ఆ ఉస్తాద్ తన పనితో చెప్పాడు.

ఆ రోజు మగ్రిబ్ నమాజు హయాత్ బక్షీ మస్జిదులో చేశాము. బయటికి వచ్చాక డ్రైవరు తనంతట తానే అడిగాడు: "మా వాడి చదువు ఎలా ఉంది మౌల్వీ సాబ్?" చెప్పాలని సిద్ధం చేసుకున్న మాట నోటి వరకు వచ్చింది. పంపు పోయిందని తేల్చి చెప్పిన ఆ మెకానిక్‌కూ మాకూ తేడా ఏమిటి? వాడి బుర్రను తప్పు పట్టామే గాని, వాడిని ఒక్క ప్రశ్న అయినా అడిగామా? "ఇంకా చూస్తున్నాము" అని మాత్రమే అన్నాము.

మద్రసాకు తిరిగి వచ్చిన మరునాడు ఫజ్ర్ తరువాత ఆ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, కితాబు మూసి, అడిగాము: "ఎప్పటి నుండి ఇలా ఉంది నాయనా?"

వాడు చాలాసేపు తల ఎత్తలేదు. తరువాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పూట పాఠం వాడు చెప్పాడు, మేము విన్నాము.